ఎముక అతుక్కుంటోంది, మా అబ్బాయి మాత్రం ఇంకా తేరుకోలేదు: ఎంతవరకు సాయపడాలి, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 19 ఏళ్ళు, డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. స్నేహితుడు నడుపుతున్న కారులో ముందు సీట్లో కూర్చుని వస్తుండగా పెద్ద ప్రమాదం జరిగింది. కుడి తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. తలకు కూడా బలమైన దెబ్బ తగలడం వల్ల కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. మెదడులో అక్కడక్కడా చిన్న రక్తపు మచ్చలు కనిపించాయని, తలకు ఆపరేషన్ మాత్రం అవసరం లేదని చెప్పారు. ఆ మాట విన్నాక గండం గడిచిందనే అనుకున్నాము.

ఇంటికి వచ్చి నెల దాటింది. కాలి విషయంలో మాకు పెద్దగా దిగులు లేదు. వాకర్ పట్టుకుని గదుల్లో తిరుగుతున్నాడు, కుట్లు మానాయి, ఎక్స్‌రే చూసిన సర్జన్ గారు కూడా సంతృప్తిగానే ఉన్నారు. దిగులంతా తక్కిన వాటి గురించే. రెండు పేజీలు చదివేసరికి తల పట్టుకుని పడుకుంటాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. పొద్దున చెప్పిన సంగతి మధ్యాహ్నానికి మళ్ళీ అడుగుతాడు, ఇందాకే చెప్పాను కదా అంటే కోపంతో ఊగిపోతాడు. ఇంతకుముందు మా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడి ఎరుగని పిల్లవాడు. స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాడు. బయట ఎక్కడైనా బ్రేకు కీచుమంటే ఉలిక్కిపడతాడు, ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చోనే కూర్చోడు.

నిన్న చొక్కా తొడుక్కుంటూ రెండు గుండీలు పెట్టుకుని, తరువాత ఏమి చేయాలో తోచనట్టు అలాగే నిలబడిపోయాడు. నేను వెళ్ళి మిగతావి పెట్టేశాను. వాడు ఏమీ అనలేదు గాని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఈ విషయంలో నాకూ, మావారికీ అభిప్రాయం కుదరడం లేదు. ఇలా అన్నీ చేసి పెడుతూ పోతే బద్ధకం అలవాటవుతుందని, కాలేజీకి పంపితే అదే సర్దుకుంటుందని ఆయన అంటారు. వాడిని కాస్త తొందరపెట్టినా నా ప్రాణం విలవిలలాడుతుంది. కాలేజీ వారు ఎప్పుడు చేరతాడని అడుగుతున్నారు. ఇవి చాలవన్నట్టు, ఆ రోజు కారు నడిపిన అబ్బాయి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు, ఇప్పుడు వచ్చి చూస్తానంటున్నాడు. రానివ్వాలా, వద్దా? ఇటువంటి దశను దాటినవారు, దీని గురించి తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


సమాధానం: పునరావాస విభాగంలో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు

నమస్కారమండీ. నేను మీ అబ్బాయిని చూడలేదు కనుక చికిత్స గురించి తుది మాట మీ వైద్యులదే. అయితే మీరు వర్ణించిన తీరు ఇటువంటి గాయాలతో వచ్చే యువకుల ఇళ్ళలో మేము తరచు వినేదే.

కాలి సంగతి త్వరగా ముగిస్తాను. తొడ ఎముక పూర్తిగా అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. కాలి మీద ఎంత బరువు మోపవచ్చో సర్జన్ చెప్పాలి గాని, నొప్పి లేదు కదా అని మనం నిర్ణయించుకోకూడదు. పొగ తాగే అలవాటు ఉంటే ఎముక అతకడం ఆలస్యమవుతుంది కనుక ఆ విషయం మొహమాటపడకుండా అడిగి తెలుసుకోండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీలో నొప్పి వచ్చినా మరుసటి రోజు దాకా ఆగవద్దు, సిరల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు చేరిన సూచన కావచ్చు.

ఇక తల సంగతి. తల ఒక్క ఊపున ముందుకూ వెనక్కూ ఊగి మెలితిరిగినప్పుడు మెదడు లోపలి సన్నని నరాల పోగులు సాగిపోతాయి, కొన్ని తెగుతాయి. అత్యవసర విభాగంలో తీసే సీటీ స్కాన్ ముఖ్యోద్దేశం వెంటనే ఆపరేషన్ చేయవలసినంత రక్తస్రావం ఉందా అని తేల్చడం. తెగిన పోగులు అందులో చాలావరకు కనిపించవు. ఎమ్మారైలో కొంత మెరుగ్గా కనిపిస్తాయి, అందులోనూ అన్నీ కనిపించవు. మీరు చెప్పిన చిన్న రక్తపు మచ్చలు ఇటువంటి గాయానికి గుర్తు కావచ్చు. కాబట్టి ‘తలకు ఆపరేషన్ అవసరం లేదు’ అన్న మాటను ‘తలకు ఏమీ కాలేదు’ అని అర్థం చేసుకోకూడదు. నా అనుభవంలో కుటుంబాలను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ ఒక్క వాక్యమే.

డిశ్చార్జి కాగితాల్లో గ్లాస్గో కోమా స్కేల్ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. స్పృహ ఏ స్థాయిలో ఉందో చెప్పడానికి 1974 నుంచి వాడుకలో ఉన్న ఈ కొలతలో కళ్ళు తెరవడానికి, మాటకు, కదలికకు విడివిడిగా అంకెలు ఇచ్చి కూడతారు. మొత్తం 3 నుంచి 15 వరకు ఉంటుంది. 8 లేదా అంతకు తక్కువ వస్తే తీవ్రమైన గాయమని, 9 నుంచి 12 వరకు మధ్యస్థమని లెక్క. దానితో పాటు, ప్రమాదం తరువాత ఏ రోజు నుంచి జరిగినవి వరుసగా గుర్తున్నాయో మీ అబ్బాయిని నెమ్మదిగా అడగండి. గుర్తులేని ఆ వ్యవధి ఒక వారం మించితే గాయం తీవ్రమైనదిగానే పరిగణిస్తారు. ఈ రెండు వివరాలూ తెలిస్తే మీరు ఎంత కాలానికి మనసు సిద్ధం చేసుకోవాలో కొంత అంచనా దొరుకుతుంది. మొదటి ఆరు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తరువాత నెమ్మదించినా ఏడాది, రెండేళ్ళు, అంతకుమించి కూడా కొనసాగుతుంది.

రెండు పేజీలకే అలసిపోవడం బద్ధకం కాదు. ఇంతకుముందు ఆలోచించకుండా జరిగిపోయిన పనులకు, అంటే పక్కవారి మాటలు వినిపిస్తుండగా చదవడం వంటి వాటికి, ఇప్పుడు మెదడు పూర్తి శ్రద్ధ పెట్టవలసి వస్తోంది. కోపం కూడా చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. ఆవేశాన్ని అదుపు చేసేదీ, పనికి వరుస అమర్చేదీ మెదడు ముందుభాగం. కారు ప్రమాదాల్లో ఎక్కువగా దెబ్బతినే భాగాల్లో అదొకటి. పైగా ఆ భాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది, అంటే మీ అబ్బాయికి ఇంకా పూర్తిగా సిద్ధం కాని భాగానికే దెబ్బ తగిలింది.

ఇప్పుడు ఆ చొక్కా గుండీల గురించి చెప్పాలి. వేళ్ళలో శక్తి లేక కాదు, తరువాతి అడుగు ఏమిటో స్ఫురించక ఆగిపోయాడని మీ వర్ణన బట్టి తోస్తోంది. అటువంటప్పుడు ముందు ఏమీ మాట్లాడకుండా కొంతసేపు ఆగండి. పది వరకు లెక్కపెట్టుకునేంత సమయం మనకు చాలా ఎక్కువనిపిస్తుంది, అతనికి అది సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే ‘తరువాత ఏమిటి?’ అని మాత్రం అడగండి. దానికీ అందకపోతే మూడవ గుండీని వేలితో చూపండి. చేతితో పెట్టడం ఆఖరి మెట్టు. మరుసటి రోజు మళ్ళీ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే నిన్న కావలసి వచ్చిన సాయం ఈ రోజు అవసరం లేకపోవచ్చు. మీరు ఎంతవరకు సాయపడాలని అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే: పని పూర్తి కావడానికి కావలసినంత కాదు, అతడు ఆగిపోయిన చోటు నుంచి ఒక్క అడుగు వేయడానికి కావలసినంత.

రోజును అమర్చడంలో కూడా ఇదే పద్ధతి. బుర్రకు పని చెప్పేవన్నీ బాగా తేరుకుని ఉండే పూట పెట్టి, చిన్న చిన్న ముక్కలుగా చేయించండి. అలసిన తరువాత కాక, అలసటకు ముందే విశ్రాంతి ఇవ్వండి. చదువుతుంటే ఏడెనిమిది నిమిషాలకు తల బరువెక్కుతోందంటే ఐదవ నిమిషంలో ఆపించండి, కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ ఐదు నిమిషాలు. మర్చిపోయిన సంగతిని ‘గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో’ అని పరీక్షించవద్దు. తప్పుగా ఊహించి చెప్పిన జవాబే తరువాత మనసులో నాటుకుపోయే ప్రమాదం ఉంది. ఒక పుస్తకంలోనో, ఫోన్‌లోనో రాసుకుని అందులో చూసుకోవడం అలవాటు చేయాలి. వీటన్నిటికీ ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే నిపుణుల సాయం తీసుకోండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఏ స్థాయిలో ఉన్నాయో న్యూరోసైకాలజిస్టు (మెదడు గాయం ఆలోచనా శక్తిపై చూపే ప్రభావాన్ని పరీక్షించే నిపుణులు) చేత పరీక్ష చేయిస్తే, కాలేజీ విషయంలో మీరు, మీవారు వాదించుకోనవసరం లేకుండా చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

తలనొప్పి రోజురోజుకూ పెరగడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, మగత ఎక్కువ కావడం, ఒక పక్క చేయి లేదా కాలు పట్టు తప్పడం, మూర్ఛ రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తలలో నెమ్మదిగా చేరే రక్తం వారాల తరువాత కూడా బయటపడవచ్చు. మద్యం పూర్తిగా దూరంగా ఉంచాలి. వైద్యులు అనుమతించే వరకు వాహనం నడపకూడదు, నీళ్ళలోకి ఒంటరిగా దిగకూడదు, తలకు మళ్ళీ దెబ్బ తగిలే ఆటలు ఆడకూడదు.


సమాధానం: తమ్ముడి బాగోగులు చూసుకున్న ఒక అన్న

అమ్మా, పై సమాధానంతో నాకు చాలావరకు ఏకాభిప్రాయమే. కానీ మీవారి మాటను అంత తేలిగ్గా తీసివేయవద్దని మనవి. కారణం ఆయన తప్పుగా ఊహించి ఉండవచ్చు, అది బద్ధకం కాకపోవచ్చు. ఏ పనీ లేకుండా, ఎవరూ ఏమీ ఆశించకుండా గదిలో పడి ఉండటం మంచిది కాదన్న భాగం మాత్రం నిజం. విశ్రాంతి పేరుతో పగలంతా పరుపు మీద గడిస్తే రాత్రి నిద్ర చెడుతుంది, రాత్రి నిద్ర చెడితే మరునాడు కోపం రెట్టింపవుతుంది, అది చూసి ఇంట్లోవారు ఇంకా విశ్రాంతి తీసుకోమంటారు. ఆ సుడి నుంచి బయటపడటానికి మా ఇంట్లో చాలా కాలం పట్టింది.

మాకు పనికివచ్చినవి రెండు. మొదటిది నిద్ర లేచే వేళ మారకుండా చూడటం. రాత్రి ఎలా గడిచినా ఒకే సమయానికి లేపేవాళ్ళం, పగటి నిద్రకు ఒక హద్దు పెట్టుకున్నాము. రెండవది గోడకు తగిలించిన ఒక తెల్లబోర్డు. అందులో ఆ రోజు తేదీ, ఎవరు వస్తారు, ఎక్కడికి వెళ్ళాలి, ఏ మందు వేసుకోవాలి, ఇంటి పనుల్లో అతని వంతు ఏది, ఇవన్నీ ఉండేవి. ఇందాకే చెప్పాను కదా అనే మాట మా నోటి నుంచి పోయింది. అతను అడిగితే మేము బోర్డు వైపు చూసేవాళ్ళం, కొన్నాళ్ళకు అడగకుండా తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద రాసే బాధ్యత కూడా తరువాత అతనికే ఇచ్చాము. అక్షరాలు వంకర పోతే ఎవరూ సరిదిద్దకూడదని ఇంట్లో ఒక ఒప్పందం. బంధువుల్లో ఒకాయన దానిని చిన్నపిల్లల బడి అని నవ్వారు. ఆయనను ఆ తరువాత కొంతకాలం పిలవలేదు.

కాలేజీ గురించి: చేరడం, చేరకపోవడం అని రెండే దారులున్నట్టు మాట్లాడుకుంటే మీ ఇద్దరికీ ఎప్పటికీ కుదరదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. ఒక్క సబ్జెక్టుకు, వారంలో కొన్ని రోజులు, రోజుకు ఒక గంట హాజరు కావడం, పాఠం రికార్డు చేసుకోవడం లేదా మరొకరి నోట్సు తీసుకోవడం, పరీక్షకు అదనపు సమయం, రణగొణధ్వని లేని గది, మధ్యలో లేచి బయటకు వెళ్ళేందుకు అనుమతి, ఇవన్నీ వైద్యుల ఉత్తరంతో అడగవచ్చు. ఒక ఏడాది వెనుకబడితే పోయేదేమీ లేదు. తొందరపడి పూర్తి చదువులోకి దించి, రెండు వారాల్లో కుప్పకూలి వెనక్కి వస్తే, మళ్ళీ గుమ్మం దాటించడం చాలా కష్టం. పై మెట్టు ఎక్కించే ముందు ఇప్పుడున్న మెట్టు మీద కనీసం రెండు మూడు వారాలు నిలదొక్కుకున్నాడా అని చూడండి.

ఇంకొక సంగతి. మీరు రాసిన దానంతటిలో మీ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. ఎవరైనా వారంలో ఒక పూట మీ బదులు కూర్చుంటామంటే వద్దనకండి. ఆ పూట అతని తండ్రి కూర్చుంటే మరీ మంచిది, వాదన సగం దానితోనే తీరిపోతుంది.


సమాధానం: ప్రమాదం నుంచి కోలుకున్న ఒక యువతి

నమస్కారం ఆంటీ. నాకు ఇటువంటి ప్రమాదమే జరిగినప్పుడు దాదాపు మీ అబ్బాయి వయసే. మీకు బయట నుంచి కనిపిస్తున్నది అతనికి లోపల నుంచి ఎలా ఉండవచ్చో చెప్పడానికి ప్రయత్నిస్తాను. నా అనుభవమే అతనిదీ అని మాత్రం అనుకోకండి.

ఐసీయూలో ఉన్న రోజుల గురించి నాకు నిజమైన జ్ఞాపకాలు లేవు, వాటి స్థానంలో భయంకరమైన కలలు ఉన్నాయి. నర్సులు నన్ను ఎక్కడికో దాచిపెట్టడానికి తీసుకుపోతున్నారని గట్టిగా నమ్మాను. ఇంటికి వచ్చాక కూడా అది కల అని పూర్తిగా నమ్మకం కలగలేదు, పిచ్చి అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. తీవ్ర అస్వస్థత, మత్తు మందులు, నిద్రలేమి కలిసి కలిగించే ఈ స్థితిని డెలీరియం అంటారని, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఇది చాలా సాధారణమని తరువాత ఒక డాక్టరు గారు చెప్పినప్పుడు నా గుండె మీద నుంచి పెద్ద బరువు దిగింది. కొన్ని ఆసుపత్రుల్లో రోగి స్పృహలో లేని రోజుల గురించి నర్సులు, ఇంటివారు కలిసి ఒక డైరీ రాస్తారు. మీ దగ్గర అటువంటిది లేకపోయినా, ఏ రోజున ఏమి జరిగింది, ఎవరు వచ్చారు, ఎప్పుడు గొట్టం తీశారు అన్నది వరుసగా రాసి సిద్ధంగా ఉంచండి. అతడు అడిగినప్పుడు ఇవ్వండి, అడగక ముందు చదివి వినిపించకండి.

ఇంటికి వచ్చిన వారందరూ నా ఎదురుగానే మా అమ్మను ‘ఇప్పుడెలా ఉంది, అన్నీ గుర్తున్నాయా’ అని అడిగేవారు. నేను అక్కడే కూర్చుని ఉండేదాన్ని. దయచేసి అటువంటి ప్రశ్న వచ్చినప్పుడు మీరు జవాబు చెప్పకుండా అతని వైపు చూడండి. జవాబు ఆలస్యం కావచ్చు, సగంలో ఆగిపోవచ్చు, అయినా అది అతను చెప్పవలసినదే. ‘అదృష్టవంతుడివి, బతికి బయటపడ్డావు’ అన్న మాట ఎంత మంచి మనసుతో అన్నా, ఆ క్షణంలో పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. దానికి ఒప్పుకోవడం తప్ప మరో జవాబు లేదు, ఒప్పుకున్నాక ఇక బాధపడే హక్కు కూడా పోయినట్టు అనిపిస్తుంది.

స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడానికి నా వరకు కారణం వాళ్ళ మీద అయిష్టం కాదు. నలుగురి సంభాషణలో ఒక జోకు అర్థమయ్యేలోపు వాళ్ళు మూడవ జోకుకు వెళ్ళిపోయేవారు. ఒక్కరే, తక్కువ సేపు, నిశ్శబ్దంగా ఉన్న చోట కలిసినప్పుడు నేను పాత మనిషిలాగే ఉండగలిగాను. ఎవరిని పిలవాలో అతన్నే ఎంచుకోనివ్వండి.

ముందు సీటు గురించి కంగారు పడకండి, బలవంతం కూడా చేయకండి. కానీ అలాగే వదిలేయనూ వద్దు. ఎంతగా తప్పించుకుంటే భయం అంతగా గట్టిపడుతుందని నా థెరపిస్టు చెప్పేవారు. మేము ఆగి ఉన్న కారులో, ఇంజన్ కూడా వేయకుండా వెనుక సీట్లో కూర్చోవడంతో మొదలుపెట్టాము. గుండె దడ తగ్గే వరకు కూర్చోవడం, అంతే. తరువాత ఇంజన్ వేసి, ఆపై రద్దీ లేని వేళ వీధి చివరి దాకా, అలా పెంచుకుంటూ వెళ్ళాము. ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం నాదే, ఆపమంటే నాన్న మారుమాట్లాడకుండా ఆపేవారు. ఆపగలనని తెలియడం వల్లనే ముందుకు వెళ్ళగలిగాను. ప్రమాదం జరిగిన చోటుకు తీసుకువెళ్ళి భయం పోగొడదామని ఎవరైనా సలహా ఇస్తే, థెరపిస్టు పర్యవేక్షణ లేకుండా ఆ పని చేయకండి.

ఆ స్నేహితుడి విషయంలో, రానివ్వాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. మీ అబ్బాయిని అడిగారా? ‘అతను చూడాలనుకుంటున్నాడు, నీకు ఇష్టమైతే ఇప్పుడు, లేకపోతే తరువాత, అసలు వద్దన్నా ఫరవాలేదు’ అని మూడు దారులూ తెరిచి చెప్పండి. రమ్మంటే మొదటిసారి పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. క్షమాపణ వినడం కూడా అలసటే. అవతలి వ్యక్తి ఏడిస్తే ఓదార్చవలసిన బాధ్యత గాయపడినవాడి మీద పడుతుంది, ఆ మాట స్నేహితుడికి ముందే మెత్తగా చెప్పాలి. కేసు, బీమా సంగతులు ఉంటే అవి ఆ గదిలో ఎవరూ ఎత్తకుండా చూడండి.


మళ్ళీ ప్రశ్న అడిగిన తల్లి

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మావారికి కూడా చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత బోర్డు ఎంత పెద్దది కావాలని అడిగారు. స్నేహితుడి గురించి మా వాడిని అడిగితే ‘ఇప్పుడు కాదు’ అన్నాడు, అంతవరకు స్పష్టమైంది.

కానీ ఒక విషయం మొదట రాయడానికి నోరు రాలేదు. రాత్రి మందులు ఇస్తుంటే ‘ఆ రోజే పోయి ఉంటే మీకు ఈ చాకిరీ తప్పేది’ అన్నాడు. నేను అటువంటి మాటలు అనకూడదని కసిరి, విషయం మార్చాను. అది కోపంలో అన్న మాటా, లేక మనసులో నిజంగా అటువంటి ఆలోచన ఉందా? దాని గురించి అడిగితే లేని ఆలోచనను కొత్తగా పుట్టించినట్టవుతుందని భయంగా ఉంది.


సమాధానం: ఒక క్లినికల్ సైకాలజిస్టు

అమ్మా, ఈ ఒక్క విషయాన్ని తక్కిన వాటికన్నా ముందు చూడండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. సూటిగా, నెమ్మదిగా అడిగినప్పుడు చాలామంది దాచుకున్నది చెప్పి కొంత తేలికపడతారు. ఈ రోజే, ఇంట్లో సందడి లేని వేళ చూసి, పక్కన కూర్చుని ‘నిన్న అలా అన్నావు కదా, చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?’ అని ఇవే మాటల్లో అడగండి. కళ్ళలోకి చూస్తూ ప్రశ్నించినట్టు కాక, ఒకే వైపు చూస్తూ కూర్చుని అడిగితే ఈ వయసు పిల్లలు తేలికగా మాట్లాడతారని గమనించాను. ఏమి చెప్పినా కసరవద్దు, వెంటనే ధైర్యవచనాలు చెప్పి నోరు మూయించవద్దు. ‘చెప్పావు, మంచి పని చేశావు’ అంటే చాలు. చాకిరీ అన్న మాటకు కూడా జవాబు బాకీ ఉంది, దానిని విడిగా చెప్పండి.

ఎలా అన్న ఆలోచన కూడా ఉన్నదని తెలిసినా, ఇక ముందు ఎదురుచూడటానికి ఏమీ లేదన్నట్టు మాట్లాడినా, ఒంటరిగా వదలకుండా అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. అటువంటి ఆలోచన లేదని చెప్పినా సరే, సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకోండి. ఈలోగా మందులన్నీ, ముఖ్యంగా బలమైన నొప్పి మాత్రలు, మీ దగ్గర తాళం వేసి ఉంచి ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. దీనిని శిక్షలా కాక, ఎందుకు చేస్తున్నారో అతనికి చెప్పే చేయండి.

మెదడుకు గాయమైన తరువాత డిప్రెషన్ రావడం చాలా సాధారణం. దానికి బతుకు తలకిందులైన దుఃఖం ఎంత కారణమో, మెదడులో జరిగిన మార్పులు కూడా అంతే కారణం కావచ్చు, రెంటికీ చికిత్స ఉంది. ఉలికిపాటు, కారును తప్పించుకోవడం, పీడకలలు నెల దాటినా తగ్గకపోతే వాటిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (భయంకరమైన సంఘటన తరువాత మనసులో మిగిలిపోయే సమస్య) కోణంలో పరీక్షించాలి. దీనికి ట్రామా (మానసిక ఆఘాతం) మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స, ఈఎండీఆర్, అంటే కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స, ఈ రెండు పద్ధతులకు మంచి ఆధారాలున్నాయి. జ్ఞాపకశక్తి తగ్గి ఉన్నందున సెషన్లు చిన్నవిగా, నోట్సుతో సాగాలని థెరపిస్టుకు ముందే చెప్పండి. జరిగిందంతా ఒక్కసారి పూసగుచ్చినట్టు చెప్పించేస్తే మనసు తేలికపడుతుందని కొందరు నమ్ముతారు. ప్రమాదం జరిగిన కొత్తలో అలా ఒక్క విడతలో చెప్పించడం వల్ల మేలు జరగదని, కొందరికి హాని కూడా కలుగుతుందని పరిశోధనల్లో తేలింది కనుక, ఇంట్లో ఎవరూ ఆ పని పెట్టుకోవద్దు.

సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితాలతో పాటు ప్రస్తుతం వాడుతున్న మందుల పట్టీ తప్పకుండా తీసుకువెళ్ళండి. తలకు గాయమైనవారికి మూర్ఛ రాకుండా లెవెటిరాసెటామ్ అనే మందు తరచు ఇస్తారు. కొందరిలో అది విపరీతమైన చిరాకు, కోపం, నిరాశ కలిగిస్తుంది, ఆత్మహత్య ఆలోచనలకు కూడా దారితీయవచ్చు. మీ అబ్బాయి పట్టీలో ఆ పేరుంటే, కోపం ఆ మందు మొదలుపెట్టిన తరువాతే పెరిగిందా అన్నది గుర్తు చేసుకుని రాసుకోండి, ఆ విషయాన్ని న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి ఈ రోజే చెప్పండి. అది ఇంకా అవసరమా, మరొక మందుకు మార్చవచ్చా అన్నది వారు నిర్ణయిస్తారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క మోతాదు కూడా ఆపవద్దు, ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.